లైబ్రేరియన్ గారి ఊపిరి

ఆ ఉదయం లైబ్రేరియన్ సెలవు పెట్టాడు, పడుకోవడానికి. అదీ భార్య హుకుం మీద.

గ్రంథాలయంలో ఎవరైనా పేజీ కాస్త గట్టిగా తిప్పితే చాలు, కళ్లజోడు పైనుంచి కొరకొరా చూసే మనిషి ఆయన. ఇంట్లో నిద్రపోయాడంటే మాత్రం పక్క వాటా వాళ్లు గోడ బాదాల్సి వచ్చేది. గురక మధ్యలో ఊపిరి ఆగిపోతోందని డాక్టరు తేల్చాడు. ముక్కుకి తొడుగు, తొడుగుకి గొట్టం, గొట్టానికి గాలి ఊదే పెట్టె తగిలించి పంపాడు. ఇచ్చింది పరీక్షకే. సరిపడా వాడినట్టు కనబడకపోతే వెనక్కి తీసుకుని, వరసలో ఉన్న మరో రోగికి ఇచ్చేస్తారు. ఆ సాయంత్రంతో గడువు సరి.

"ఆ పెట్టె క్లినిక్కుకి వెళ్లిందంటే నేను మా అక్క దగ్గరికి వెళ్లినట్టే. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో నాకు!" అంది భార్య చెప్పులు వేసుకుంటూ. ఆవిడ బడిలో సంగీతం టీచరు. "నేనొచ్చేదాకా తొడుక్కుని పడుకోండి. నాన్న హాల్లోనే ఉంటాడు, మిమ్మల్ని లేపడు."

"నువ్వు నిశ్చింతగా వెళ్లు," అన్నాడాయన, దుప్పటి గడ్డం దాకా లాక్కుని.

నిజానికి ఆ తొడుగంటే ఆయనకి చచ్చేంత చిరాకు. పెట్టుకుంటే ఎదురుగాలిలో స్కూటరు మీద పోతున్నట్టుంటుంది. పైగా వీధి చివర టైలరు కొట్లో నిన్నటి చదరంగం ఆట సగంలో ఉంది. గెలిచే ఆట.

మొదటివారంలోనే ఆయన తొడుగుని దిండుకి కట్టి చూశాడు. మర్నాడే క్లినిక్ నుంచి టెక్నీషియన్ అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, మీ దిండు ఊపిరి పీల్చట్లేదండీ."

"నీకెలా తెలుసమ్మా?"

"గొట్టంలో గాలి ఎంత జోరుగా పోతోందో పెట్టె కొలుస్తుంది సార్. మీరు పీలిస్తే జోరు పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. అది మాకిక్కడ అలల్లా కనబడుతుంది. అల ఆగితే ఊపిరి ఆగినట్టే. గాలి ఒత్తిడిని కూడా కొలుచుకుంటూ, కావలిస్తే ఇంకాస్త గట్టిగా ఊదుతుంది. దాన్ని మీరు మోసం చెయ్యలేరు సార్."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది.

భార్య వీధి మలుపు తిరగ్గానే లైబ్రేరియన్ లేచాడు. మామగారు స్నానానికి వెళ్లిన అదను చూసి ఆయన హాట్ వాటర్ బ్యాగు తెచ్చి, దాని మూతికి తొడుగుని ప్లాస్టరుతో బిగించాడు. గొట్టాన్ని తలుపు కింద సందులోంచి హాల్లో చాప కిందుగా పాకించి, బ్యాగుని ఊగుడు కుర్చీ పరుపు కింద దోపాడు. మామగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. పొద్దున్న పేపరు పట్టుకుని ఆ కుర్చీలో కూర్చుంటే ఊగుతూనే ఉంటారు. వెనక్కి ఊగితే బ్యాగు నొక్కుకుంటుంది, ముందుకి వస్తే ఉబ్బుతుంది. పెట్టెకి కావలసింది అంతే కదా!

పెట్టెతో జతచేసి, కొలతలు క్లినిక్కుకి పంపే తన ఫోన్‌ని మంచం మీదే వదిలేశాడు. గది తలుపుకే ఉన్న తాళం తిప్పి, తాళంచెవి జేబులో పడేసి, పిల్లిలా పెరటి దారిన జారుకున్నాడు.

కాసేపు అంతా సవ్యంగానే సాగింది. ఆ తర్వాత మామగారు పేపర్లో తను సభ్యుడిగా ఉన్న ఇళ్ల సంఘం ఎన్నికల వార్త చదివారు. తనకి గిట్టని వాడే మళ్లీ అధ్యక్షుడు! కుర్చీ గుర్రంలా దౌడు తీసింది.

బడిలో టీచరమ్మ ఫోన్ మోగింది.

"మేడమ్, సార్ నిద్రలో పరిగెడుతున్నారా? ఊపిరి మరీ వేగంగా ఉంది!"

"ఆయనా? కళ్లముందు బస్సు పోతున్నా పరిగెత్తరమ్మా!"

"అయ్యో... మేడమ్, ఇప్పుడు మొత్తం ఆగిపోయింది!"

మామగారు కాఫీ కలుపుకోవడానికి లేచారు.

టీచరమ్మ పాఠాన్ని సరిగమల మధ్యలోనే వదిలేసి ఆటో ఎక్కింది. ఒక చెవి దగ్గర తన ఫోన్‌లో టెక్నీషియన్, రెండో చెవి దగ్గర తోటి టీచరు దగ్గర లాక్కొచ్చిన ఫోన్‌లో తండ్రి.

"నాన్నా! ఆయన్ని లేపు, ఊపిరి ఆడట్లేదట!"

పెద్దాయన తలుపు బాదారు. "అల్లుడుగారూ! అల్లుడుగారూ! పలకట్లేదమ్మా. లోపల్నుంచి తాళం వేసుకున్నట్టున్నారు. లోపల గాలి చప్పుడే గానీ మనిషి అలికిడి లేదు." అలసిపోయి వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"వచ్చింది మేడమ్! ఊపిరి వచ్చింది!" అరిచింది టెక్నీషియన్.

"నాన్నా, వచ్చిందట!"

"హమ్మయ్య! ఉండు, చూసొస్తా," అని పెద్దాయన లేచారు.

"పోయింది మేడమ్!"

ఇలా పెద్దాయన కూర్చున్నప్పుడల్లా అల్లుడు బతికాడు, లేచినప్పుడల్లా పోయాడు. చివరికి టీచరమ్మకి ఏదో తట్టింది. "నాన్నా! నీకు పుణ్యం ఉంటుంది, కుర్చీలోంచి కదలకు! నువ్వు కూర్చుంటేనే ఆయన ఊపిరి తీసుకుంటున్నారు!"

ఎందుకని పెద్దాయన అడగలేదు. ఆర్డరంటే ఆర్డరే. వెన్ను నిటారుగా పెట్టి, "వన్... టూ... వన్... టూ..." అని లెక్క పెట్టుకుంటూ ఊగడం మొదలెట్టారు. అల్లుడి ప్రాణం తన చేతిలో ఉందనుకున్నారు గానీ, చెయ్యి కాదని ఆయనకి తెలియదు.

టీచరమ్మ, అంబులెన్సు, అందులోనే టెక్నీషియన్, వెనకే వీధి వీధంతా ఒకేసారి ఇంటిమీద పడ్డారు. అంబులెన్సు డ్రైవరు భుజంతో ఒక్క గుద్దు గుద్దితే తలుపు ఊడింది. లోపల మంచం మీద ఒక దిండు, ఒక ఫోన్.

టెక్నీషియన్ చేతిలోని తెర వంక, మంచం వంక మార్చి మార్చి చూసింది. "ఊపిరి బ్రహ్మాండంగా ఉంది మేడమ్. మనిషే లేరు."

సరిగ్గా అప్పుడే లైబ్రేరియన్ ఆట గెలిచి, ఈల వేసుకుంటూ వీధి మలుపు తిరిగాడు. గుమ్మంలో అంబులెన్సు చూడగానే పై ప్రాణాలు పైనే పోయాయి. "మామయ్యగారూ! మిమ్మల్ని నేనే పొట్టన పెట్టుకున్నానండీ!" అని గోలపెడుతూ జనాన్ని తోసుకుని లోపలికొచ్చి పడ్డాడు.

చచ్చాడనుకున్న మొగుడు ఏడుస్తూ పరిగెత్తుకొస్తుంటే టీచరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. చేత్తో గొట్టాన్ని పట్టుకుని, తలుపు కిందుగా, చాప కిందుగా వెంబడించి తండ్రి కింద తేలింది. పరుపు అంచెత్తి బ్యాగుని లాగింది.

"ఏవిటండీ ఇది?"

"చదరంగం..." అన్నాడాయన.

ఆవిడ ఇంకా ఏదో అనబోతుండగా గది దద్దరిల్లేలా గురక వినిపించింది. అందరూ అలవాటు కొద్దీ లైబ్రేరియన్ వంక చూశారు. ఆయన నోరు మూసుకునే ఉన్నాడు.

గురక కుర్చీలోంచి వస్తోంది. అంతసేపు డ్రిల్లు చేసిన పెద్దాయన, అల్లుడు కళ్లబడగానే డ్యూటీ అయిపోయిందని వాలిపోయారు. గురక పెరిగి పెరిగి టక్కున ఆగింది. అందరూ ఊపిరి బిగబట్టారు. ఆయనా బిగబట్టారు. చాలాసేపటికి గుటకపడ్డట్టు శబ్దం చేసి మళ్లీ అందుకున్నారు.

టెక్నీషియన్ తొడుగుని బ్యాగు నుంచి ఊడదీసి, తుడిచి, పెద్దాయన ముఖానికి తగిలించింది. తెర మీద అల లేచింది, పడుకుంది. లేవడం కంటే పడుకోవడమే ఎక్కువ.

సాయంత్రం మామా అల్లుళ్లిద్దరినీ టీచరమ్మ డాక్టరు ముందు కూర్చోబెట్టింది. డాక్టరు పొద్దుటి నుంచి వచ్చిన అలలన్నీ ఓపిగ్గా తిరగేసి, గడువు సంగతి పక్కనపెట్టి, అల్లుడికొకటి, మామగారికొకటి పెట్టె రాశాడు.

ఆ అలల ప్రకారం వైద్యం అక్కరలేనిది ఒక్క కుర్చీకేనని తేలింది.