కారణం రాబోవుచున్నది

కారణం లేకుండా కంప్యూటరు కొనడం ఈ దేశంలో ఇంకా నేరం కాలేదు. తిరుత్తణిలో ఒక దుకాణం మాత్రం ఆ దిశగా తన వంతు కృషి చేస్తోంది. అక్కడ వాయిదాల మీద కొనేవారి కోసం కారణ పరిశీలన విభాగమని ఒకటుంది. (ఆ విభాగం పెట్టడానికి కారణమేమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.)

మణవాళనగర్‌లో ఉండే చందనకు ఈ సంగతి తెలియదు. ఆమె ఇంట్లో కూర్చుని తెలుగు పెళ్ళిపత్రికలు తయారుచేస్తుంది. పళ్ళిపట్టు వైపు కుర్రకారుకు తమిళం వచ్చినంత బాగా తెలుగు చదవడం రాదు. అయినా పత్రిక తెలుగులో లేకపోతే ఇంటి పెద్దలు అలుగుతారు. ఆ అలక మీదే చందన వ్యాపారం నడుస్తోంది. ఆమె పాత కంప్యూటరుకేమో ఒత్తులంటే గిట్టదు. మొన్న లక్ష్మీప్రియ అనే పెళ్ళికూతురి పేరులో 'క్ష' దగ్గర కూలబడి, మళ్ళీ లేచేసరికి ముహూర్తాన్ని కూడా మింగేసింది. పెళ్ళిళ్ళ కాలం ముంచుకొస్తోంది. పత్రికలు అడిగినవాళ్ళు కొందరు అప్పుడే వేరేచోటు చూసుకున్నారు.

వాయిదాల మీద కొత్తది కొందామని చందన ఆ తిరుత్తణి దుకాణానికే వెళ్ళింది. అక్కడ వసంత్ అనే సేల్స్‌మన్ ఆమె వివరాలు యాప్‌లో ఎక్కించాడు.

"పని యాడ చేస్తారక్కా?"

"ఇంట్లోనే."

ఇల్లు అన్న మాట వినగానే యాప్ ఆమెను గృహిణిగా నియమించింది. గృహిణులకు కంప్యూటరు ఎందుకు కావాలో వాళ్ళకు శ్రమ లేకుండా కంపెనీయే ఆలోచించి పెట్టింది: పిల్లల చదువు, పిల్లల ఆటలు, వంట, భక్తి. (వంటకూ భక్తికీ చిన్న తెర చాలునని దాని అభిప్రాయం.)

"చదువని నొక్కేస్తానక్కా. అందురికీ అదే."

"నాకు పిల్లల్లేరయ్యా."

"పరవాలేదక్కా, ఎవురొచ్చి చూస్తారు?"

ఆరోగ్యస్వామి వచ్చి చూశాడు. ఆయన క్షేత్రస్థాయి కారణ పరిశీలకుడు. ఆ మేరకు మెడలో కార్డు కూడా వేలాడుతోంది. చెప్పులు బయట విడిచి, చందన అత్త మునెమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"కారణాన్ని ఒకసారి పిలస్తారా అక్కా? ఫోటో తీసుకోవాల."

చిక్కుడుకాయలు ఒలుస్తున్న మునెమ్మ చేయి ఆగిపోయింది. చందనా, భర్త శశికుమారూ చెన్నై ఆసుపత్రులన్నీ తిరిగి తిరిగి, చివరికి ఆ మాటే ఎత్తడం మానేసిన ఇల్లది. చందన కంప్యూటరు దగ్గరికి నడిచింది.

"పిల్లల్లేరు సార్. ఇదో, ఇదీ నా పని," అని తెర చూపించింది.

ఆరోగ్యస్వామి వంగి చూశాడు. అంచున పూలతీగనూ, నడుమ గుండ్రటి అక్షరాలనూ మనసారా మెచ్చుకున్నాడు. "సూపర్‌గా ఉందక్కా! మా చెల్లెలి పెండ్లికి మీ దగ్గిరే చేపిస్తా." తరువాత నిట్టూర్చాడు. "అయితే ఇది పనే అక్కా. కారణం కాదు."

"మరెట్ల?"

"కారణం లేదని రాస్తే కేన్సిల్ అయిపోతాది." గొంతు తగ్గించాడు. "'కారణం రాబోవుచున్నది' అని రాసేదానికి రూల్ ఉంది. మీరు సరి అంటే."

చందన అత్త వైపు చూసింది. మునెమ్మ చిక్కుడుకాయల వైపు చూస్తోంది. ఒప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ చందన కళ్ళముందు మెదిలాయి.

"రాసుకోండి," అంది.

కంప్యూటరు వచ్చింది. దానితోపాటు ఉచితంగా ఒక స్కూలు బ్యాగూ, ఎక్కాల పటమూ వచ్చాయి. మునెమ్మ ఆ రెంటినీ కోడలి కంటపడకుండా ఎదురింటివాళ్ళకు ఇచ్చేసింది. 'క్ష' ఇప్పుడు ఒక్క దెబ్బకు పడుతోంది. వేరేచోటికి పోయినవాళ్ళు తిరిగొచ్చారు. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా విభాగం నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, మీ కారణం ఇంకా పెండింగ్‌లో ఉంది. ఏమన్నా విశేషమా?" అని ఒక అమ్మాయి కమ్మటి గొంతుతో అడిగింది.

చందన "ఇంకా లేదమ్మా" అంది. మరుసటి నెల మళ్ళీ అదే గొంతు, అదే ప్రశ్న. ఆ రోజు చందన పెళ్ళికొడుకు పేరు తప్పు కొట్టింది. ఆ పై నెల ఫోన్ మోగగానే మునెమ్మ లాక్కుంది.

"కోడలొచ్చినప్పట్నించి నేనే ఈ మాట అడగలా. నువ్వెవురమ్మా అడిగేదానికి?"

అవతలి అమ్మాయి ఏమాత్రం నొచ్చుకోలేదు.

"ఇది మా ఉచిత సేవ అమ్మా. వాయిదాలు సరిగ్గా కట్టేవాళ్ళకు మాత్రమే చేస్తాం."