పాసేజీలోని ఇంగ్లీషు సారు

పందొమ్మిదివందల అరవై ఆరులో, ఉప్పల్ నుంచి నాచారం పోయే దారిలోని రేకుల కప్పు హైస్కూలుకు పంచాయతీ సమితి ప్రెసిడెంటు శ్రీ ఈదయ్యగారు ఒక ఇంగ్లీషు సారును ప్రసాదించారు. ఆ సంగతి వెయ్యిమంది ఎదుట తామే ప్రకటించారు. వెయ్యిమంది అని మర్నాడు పేపర్లో పడింది. స్కూల్లో కుర్చీలు నలభై. మిగతావాళ్ళు నిలబడి విని ఉంటారు.

"పోయినేడు హెచ్చెస్సీ పరీక్షల మన పిలగాండ్లు ఇంగ్లీషుల ఒక్కడు గూడ పాసు గాలె. నాకు బువ్వ సయించలె. ఇగ ఫికర్ లేదు. వచ్చే మార్చి దాంక ఆగున్రి. ఎల్లిపోయిన ఇంగ్లీషోడు వాపసొచ్చి మన ఉప్పల్ల ట్యూషన్ జెప్పించుకోవాలె!" అన్నారు ఈదయ్యగారు.

చప్పట్లు మోగాయి. డ్రిల్ మాస్టరు చిదంబరం విజిల్ ఒకసారి ఊదితే మొదలై, రెండోసారి ఊదితే ఆగే చప్పట్లు అవి. చిదంబరం విజయనగరం మనిషి. మిలిటరీలో హవల్దారుగా చేసి, స్కూల్లో డ్రిల్ మాస్టరై, నాచారంలో ఇల్లు కట్టుకున్నాడు. రిటైరు కావడానికి ఇంకా నాలుగేళ్ళుంది. పొడుగాటి మనిషి. తక్కువ మాట్లాడతాడు. మాట్లాడితే పక్క ఊరిదాకా వినపడుతుంది.

కొత్త సారు పేరు అచ్యుతరావు, ఎం.ఏ. ఆయన సభకు రాలేదు. మల్లాపూర్‌లో ఆయనకు కలప అడితి ఉంది, ఆ రోజు టేకు దిగుతోంది. ఎన్నికల్లో ఈదయ్యగారు తిరిగిన జీపు కూడా ఆయనదే. తెచ్చిన దండ వాడిపోతుందని దాన్ని ఖాళీ కుర్చీకి వేశారు. కుర్చీ వినయంగా స్వీకరించింది.

ఆ తర్వాత అచ్యుతరావుగారు స్కూలుకు క్రమం తప్పకుండా వచ్చేవారు. ప్రతి నెలా ఒకటో తారీకున వచ్చేవారు. జీపు దిగి, ఆఫీసు రూములో కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, కాళ్ళు నేలకు అందకపోయినా లెక్కచేయక, నెలరోజుల సంతకాలు ఒక్క బిగిన పెట్టేవారు. ఆదివారాలు మాత్రం వదిలేసేవారు. ఆ విషయంలో ఆయన చాలా నిక్కచ్చి మనిషి.

పాలుపోసే సుబ్బులు ఒకరోజు చిదంబరాన్ని గేటు దగ్గర పట్టుకుంది. ఆమె కూతురు ఉమ పోయినేడు ఇంగ్లీషులో తప్పి మళ్ళీ చదువుతోంది.

"సారూ, మా పిల్ల ఇంగ్లీషుల పాసైతెనే దవాఖానల నర్సు ట్రైనింగు ఇస్తరంట. ఫారం సుత తెచ్చి పెట్టిన. ఆ కొత్త సారేమో మొకమే సూపెట్టకపాయె. మా పిల్ల గతేంది?"

"పోయినేడు ఎందుకు తప్పింది?"

"పాల గురించి ఏందో అడిగిన్రంట. 'ఇంట్ల పాలు ఎవరు తాగుతరు' అని. పేపర్ల పిలగాండ్లు తాగుతరని ఉన్నదంట. ఇది 'మా ఇంట్ల ఎవ్వరం తాగం, అమ్ముకుంటం' అని రాసొచ్చింది. ఉన్నమాట రాస్తె సున్న ఏసిన్రు సారూ! బర్రెలున్నోళ్ళకు తెల్వదా?"

చిదంబరం ఆ సాయంత్రమే పైఆఫీసుకు అర్జీ రాశాడు. 'ఒకటి. ఇంగ్లీషు టీచరు లేడు. రెండు. పరీక్ష ఉంది. మూడు. టీచరును పంపవలెను.' కింద తన పేరు, హోదా, తారీకు వేసి సంతకం పెట్టాడు. మిలిటరీలో చేసినవాడికి ఆకాశరామన్న పేరుతో రాయడం చేతకాదు.

ప్రభుత్వంవారు అర్జీని ఎంతో శ్రద్ధగా చదివి, అభిప్రాయం కోసం ఈదయ్యగారికే పంపారు.

"దస్కత్ మస్తుగున్నది డ్రిల్ సారూ," అన్నారు ఈదయ్యగారు ఆ కాయితం వెలుగుకు పెట్టి చూస్తూ. ఇంకేమీ అనలేదు. ఆయన పెద్దమనిషి.

హెడ్మాస్టరు సత్యనారాయణమూర్తిగారే చిదంబరాన్ని పక్కకు పిలిచి అన్నారు. "ఏమిటయ్యా ఈ పని? లోగడ ఇలాగే రాసిన క్రాఫ్టు మాస్టరు ఇప్పుడెక్కడున్నాడో తెలుసా? తాండూరు అవతల. బస్సు దిగి ఆరుమైళ్ళు నడవాలి."

"మరి పిల్లలకు ఇంగ్లీషు ఎవరు చెబుతారండీ?"

హెడ్మాస్టరుగారు అతని విజిల్ వంక చూశారు. "నువ్వే చెప్పు. ఎలాగూ నీ డ్రిల్లంతా ఇంగ్లీషులోనే కదా."

ఆ విధంగా ఆ స్కూల్లో ఇంగ్లీషు మొదలైంది.

చిదంబరం చదివింది ఎనిమిదో తరగతి. గ్రామరు జోలికి పోలేదు. పరీక్షలో ఒక పాసేజీ ఇస్తారు, చదివి కింది ప్రశ్నలకు జవాబులు రాయాలి. అది ఒక్కటి గట్టిగా పడితే పిల్లలు గట్టెక్కుతారని హెడ్మాస్టరు చెప్పారు. దానికొక రూలు కూడా చెప్పారు. జవాబు పాసేజీలోంచే రాయాలి. సొంతంగా తెలిసింది కలిపితే సున్నా. ఆ రూలు చిదంబరానికి చాలా నచ్చింది. ఇరవై ఏళ్ళు మిలిటరీలో ఆయన చేసింది అదే.

చదివించడానికి పాసేజీలు లేవు. ఆ లోటు కూడా ఈదయ్యగారే తీర్చారు. ఆబిడ్స్‌లో టైపు కొట్టే ఒకాయన చేత మంచి పాసేజీ రాయించి, తమ ఫోటోతో అచ్చువేయించి, కట్టలు కట్టలుగా పంపారు. ఆ టైపు ఆయన అచ్యుతరావును ఎన్నడూ చూడలేదు. ఇంగ్లీషు సారన్నవాడు ఎలా ఉండాలో ఆలోచించి రాశాడు.

'అవర్ ఇంగ్లీష్ టీచర్ ఈజ్ టాల్. హీ వేర్స్ స్పెక్టకల్స్ అండ్ ఎ బ్లూ కోట్. హీ కమ్స్ బై ద ఫస్ట్ బస్. హీ ఈజ్ ఆల్వేస్ పొలైట్. అవర్ ప్రెసిడెంట్ గేవ్ హిమ్ టు అస్.'

అంటే సారు పొడుగు, కళ్ళజోడు, నీలం కోటు. మొదటి బస్సుకు వస్తాడు. ఎప్పుడూ మర్యాదగా ఉంటాడు. ఆయన్ను మనకిచ్చింది ప్రెసిడెంటుగారు.

రోజూ పొద్దున్నే గ్రౌండులో, ఆ ఏడు పరీక్ష రాయబోయే ముప్పై ఒక్కమందీ వరసల్లో నిలబడేవారు.

"క్లాస్, అటెన్‌షన్! పాసేజ్... ఓపెన్! కొశ్చన్ నంబర్ వన్! హూ ఈజ్ టాల్?"

"అవర్ ఇంగ్లీష్ టీచర్ ఈజ్ టాల్!"

ఎడమకాలికి ప్రశ్న, కుడికాలికి జవాబు. మల్లాపూర్ వర్క్‌షాపులకు పోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి చూసేవారు. నెల తిరిగేసరికి వాళ్ళల్లో కొందరికి కూడా పాసేజీ వచ్చేసింది.

ఉమ ఒక్కతే చెయ్యెత్తింది.

"సార్, అచ్యుతరావు సారు పొట్టిగుంటడు గద?"

"ఎక్కడ చూశావు?"

"ఒకటో తారీకు ఆఫీసు రూముల."

"పాసేజీలో చూశావా?"

"లే సార్."

"అయితే చూడలేదన్నమాట. పోయినేటి పాలు గుర్తున్నాయా?"

ఉమకు పాలు గుర్తున్నాయి. చెయ్యి దించింది.

"అడిగింది పాసేజీలో లేకపోతే?" అన్నాడు చిదంబరం.

"ద పాసేజ్ డజ్ నాట్ సే!" అన్నారు ముప్పై ఒక్కమందీ. చింతచెట్టు మీది కొంగలు లేచిపోయాయి.

ఫిబ్రవరిలో అర్జీ మీద విచారణ వచ్చింది. విచారణాధికారి భూషణంగారు చాలా నిజాయితీపరుడని పేరు. ఆయన వస్తున్నట్టు పది రోజుల ముందే కబురు పెట్టారు, నిజాన్ని సిద్ధంగా ఉంచుకోవడానికి వీలుగా.

ఆ రోజు చిదంబరానికి గేటు దగ్గర డ్యూటీ వేశారు. ఖాకీ నిక్కరు, టోపీ, చేతిలో కర్ర. కారు రాగానే సెల్యూట్ కొట్టాడు. భూషణంగారు చెట్ల వంక చూస్తూ లోపలికి వెళ్ళారు. సెల్యూట్ కొట్టేవాడి మొహం చూసే అలవాటు ఆయనకు లేదు.

"అర్జీదారుణ్ణి పిలవమంటారా సార్?" అన్నారు హెడ్మాస్టరుగారు, భయపడుతూనే.

"ఎందుకు? ఆయన చెప్పవలసింది అర్జీలోనే ఉంది కదా," అన్నారు భూషణంగారు. "టీచరుగారేరి?"

అచ్యుతరావుగారి సెలవుచీటీ చూపించారు. భూషణంగారు తృప్తిగా తల ఊపారు. లేని మనిషి సెలవు అడగడు. తర్వాత పిల్లల్ని గేటుకు ఎదురుగా ఉన్న వరండాలో నిలబెట్టి ఇంగ్లీషులోనే మొదలుపెట్టారు. మీకు ఇంగ్లీషు సారున్నాడా? ఎలా ఉంటాడు?

వరసలో మొదట ఉన్నది ఉమ. "అవర్ ఇంగ్లీష్ టీచర్ ఈజ్ టాల్ సర్. హీ వేర్స్ స్పెక్టకల్స్ అండ్ ఎ బ్లూ కోట్ సర్."

"ఎలా వస్తాడు?"

"హీ కమ్స్ బై ద ఫస్ట్ బస్ సర్!" ముప్పై ఒక్క గొంతులు. ముప్పై ఒక్క కుడికాళ్ళు నేలను తాకాయి.

భూషణంగారి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత ఇంగ్లీషు ఒక్కచోట ఆయన విని ఎరగరు.

"ఈరోజు కాక, క్రితం వారం ఆయన మీకు పాఠం చెప్పాడా?" అని అడిగారు ఉమను.

గేటు దగ్గర చిదంబరం కర్ర గట్టిగా పట్టుకున్నాడు. లేదు అంటే చాలు. ఒక్క మాట. పరీక్షకు ఇంకా నెలుంది, నిజమైన సారు వస్తాడు. ఉమ తలెత్తి గేటు వైపు చూసింది. చిదంబరం వద్దన్నట్టూ ఊపలేదు, అవునన్నట్టూ ఊపలేదు. డ్యూటీలో తల కదపకూడదు.

"ద పాసేజ్ డజ్ నాట్ సే, సర్," అంది ఉమ.

భూషణంగారు పకపకా నవ్వారు. "చూశారా! ఎంత చమత్కారం! టీచరు లేకుండా ఇంత ఇంగ్లీషు ఎలా వస్తుందండీ?"

"అదే గద సార్ నేననేది," అన్నారు ఈదయ్యగారు. "కడుపుమంట అర్జీలు!"

టీచరు ఉన్నాడని, పొడుగ్గా ఉన్నాడని, నీలం కోటు వేసుకుంటాడని భూషణంగారు రిపోర్టు రాసుకున్నారు.

కారు వెళ్ళాక చిదంబరం ఉమను పిలిచాడు. "రాలేదని చెప్పొచ్చు కదమ్మా?"

"మీరే గద సార్ సొంతం కలుపొద్దన్నరు. కలిపితె సున్న అన్నరు." అంది ఉమ. "నాకు నర్సు ట్రైనింగు గావాలె సార్."

చిదంబరం చెప్పిన పాఠం పిల్లకు బాగా వచ్చింది. మర్నాడు మళ్ళీ విజిల్ ఊదాడు. పోస్టు డబ్బా మీదున్నది, మందుసీసా మీదున్నది, పాత ఇంగ్లీషు పేపర్లో పకోడీలు చుట్టి వచ్చింది, ఏది దొరికితే అది పాసేజీ చేసి నెల్లాళ్ళు నడిపించాడు.

పరీక్షలో పాసేజీ ఒంటె మీద వచ్చింది. పిల్లల్లో ఎవరూ ఒంటెను చూసినవాళ్ళు కారు. అందువల్ల ఎవరూ తప్పు రాయలేదు.

ఫలితాలు వచ్చాయి. ముప్పై ఒక్కమందిలో ఇరవై తొమ్మిదిమంది ఇంగ్లీషులో పాసు. ఉమ పాసు. సుబ్బులు రెండు శేర్ల పాలు తెచ్చి చిదంబరం చేతిలో పెట్టి, "తాగున్రి సారూ, ఇయ్యాల అమ్మను" అంది.

ఈదయ్యగారు అచ్యుతరావుగారికి సన్మానం ప్రకటించారు. ముఖ్య అతిథి భూషణంగారు. అంతా సిద్ధమైంది. అప్పుడు ఒక చిక్కొచ్చింది. అచ్యుతరావుగారు స్టేజీ ఎక్కడానికి ఒప్పుకున్నారు కానీ, రిపోర్టుకు సరిపోలేదు. ఎటు కొలిచినా అయిదడుగులు దాటలేదు.

ఈదయ్యగారు స్వయంగా చిదంబరం ఇంటికి వచ్చారు.

"డ్రిల్ సారూ, ఉప్పల్ మొత్తంల పొడుగు సారువి నువ్వే. జర ఒక్క పూట అచ్యుతరావువు గావాలె."

"నేనా?"

"కాకుంటె మానె. నాకేం ఫికర్ లేదు. సారు లేడని తేలుతది. సారు లేకుంట ఇరవై తొమ్మిదిమంది ఎట్ల పాసైన్రని అడుగుతరు. నకలు కొట్టిన్రని రిజల్టు ఆపుతరు. ఆ పాలామె బిడ్డ ఉన్నది గద, ఏం పేరు, ఉమ. ట్రైనింగు ఎన్నడు?"

ట్రైనింగు సోమవారం నుంచి. చిదంబరానికి తెలుసు. బూట్లు తొడుక్కున్నాడు.

నీలం కోటు నాచారం పెళ్ళిబ్యాండు మాస్టరుది. భుజాల మీది జరీ కుచ్చులు విప్పేశారు. కళ్ళజోడు హెడ్మాస్టరుగారిది. అది పెట్టుకున్నాక చిదంబరానికి సభంతా ఒకే మనిషిలా కనిపించింది. మొదటి వరసలో అచ్యుతరావుగారు కూర్చుని హుందాగా చప్పట్లు కొట్టారు. పేపర్లో రెండువేలమంది అని వేయడానికి విలేకరి అప్పటికే రాసుకున్నాడు.

ఈదయ్యగారు మైకు పట్టుకుని, "పిల్లలూ! ఈయన ఎవరు?" అని అడిగారు.

విజిల్ ఊదేవాడు స్టేజీ మీదున్నాడు. అయినా పిల్లలు ఒక్కసారిగా లేచారు.

"అవర్ ఇంగ్లీష్ టీచర్!"

ఉమ గొంతు అందరికంటే పైన వినిపించింది. ఈసారి వాళ్ళ చేతుల్లో పాసేజీ కాయితాలు లేవు. చిదంబరం కళ్ళజోడు ఇంకాస్త మసకబారింది.

భూషణంగారు శాలువా కప్పి, చెయ్యి కలిపి, చెవి దగ్గరికి వంగారు.

"అచ్యుతరావుగారూ, మీలాంటి మర్యాదస్తుల మీద కూడా అర్జీలు పెట్టేవాళ్ళుంటారు. ఇక్కడి డ్రిల్ మాస్టరు, చిదంబరమట. ఇక మీకా బాధ లేదు. వాణ్ణి పొద్దున్నే తాండూరు అవతలికి బదిలీ చేశాను."

చిదంబరానికి పాసేజీ గుర్తొచ్చింది. అందులో సారు ఎప్పుడూ మర్యాదగా ఉంటాడని ఉంది.

"థాంక్యూ సర్," అన్నాడు.

చెయ్యి మాత్రం దానంతట అదే లేచి సెల్యూట్ కొట్టింది.

భూషణంగారు చెట్ల వంక చూడసాగారు.