యాభై మెగాపిక్సెళ్ల కనకాంబరం

ఆ రోజు పొద్దున మమత వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్తతో కలిసి ఏడు గంటల బస్సెక్కాలి. పెనుకొండలో దిగి హిందూపురం బస్సు పట్టుకోవాలి. సరోజమ్మ చేతిలో పట్టుచీర పెట్టి, మధ్యాహ్నం అన్నం వేళకు ధర్మవరం తిరిగొచ్చి బిడ్డకు తినిపించాలి. మూడేళ్ల కావ్యను అంతసేపు అత్త దగ్గర వదిలిపోవాలంటేనే ఆమెకు గుండె దడ. గ్యాసు కట్టేశానా అని రెండుసార్లు చూసింది. బిడ్డ ఒళ్లు కాలుతోందా అని నాలుగుసార్లు చూసింది. చూడవలసినదాన్ని మాత్రం చూడలేదు. అది గోడవారన ఛార్జింగవుతోంది.

ఆ ఫోను గురించి కొంచెం చెప్పుకోవాలి. పెళ్లికి మమతను చూసుకోవడానికి శివశంకర్‌కు ఒక్క పూట పట్టింది. ఫోనును చూసుకోవడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. మరీ చవకది కొంటే ఏడాదికే అది పోతుంది, మరీ ఖరీదైనది కొంటే మనమే పోతాం, కాబట్టి నడిమి రకం కొనాలని ఇంట్లో తీర్మానమైంది. పాత క్యాలెండరు కాగితం వెనక నిలువుగా గీత గీసి, ఒక పక్క 'మంచి', ఇంకో పక్క 'చెడ్డ' అని రాసి, శివశంకర్ దాన్ని మగ్గం పక్క గోడకు అంటించాడు. కొత్త ఫోన్లను కత్తితో గీకి, నీళ్లలో ముంచి, బతికున్నాయో లేదో చూసి చెప్పే పిల్లగాళ్ల వీడియోలన్నీ చూశాడు. ఒకడు అమృతమన్న ఫోనును ఇంకొకడు విషమన్నాడు. రెండూ రాసుకున్నాడు.

చివరికి 'మంచి' కింద రెండు రోజులొచ్చే బ్యాటరీ, అరగంటలో నింపే ఛార్జరు, పెద్ద తెర, వీధి చివరిదాకా వినిపించే స్పీకరు, యాభై మెగాపిక్సెళ్ల కెమెరా చేరాయి. 'చెడ్డ' కింద వేడెక్కుతుంది, పిలవని యాప్‌లు వచ్చి కూర్చుంటాయి, కెమెరా ఉన్న రంగులను ఎక్కువ చేస్తుంది అని మూడు. ఆ మూడోదాని కింద రెండు గీతలు. కొట్లో పరీక్షకని తీసిన ఫోటోలో అతని తల్లి ఆదిలక్ష్మమ్మ మొహం పాతికేళ్ల పిల్లలా వచ్చింది మరి.

"థూ, ఇంత అబద్ధాల కెమెరా యాడన్నా ఉంటాదా?" అందామె. "ఆ ఫోటో మాత్రం తుడపొద్దురా. మీ చిన్నమ్మకు పంపిచ్చు."

ఇంత పరిశోధన ఉబుసుపోక చేసింది కాదు. శివశంకర్ పన్నెండేళ్లుగా ఒక షావుకారు చెప్పిన రంగులో, చెప్పిన అంచుతో చీరలు నేస్తున్నాడు. ఫోను ఉంటే తన చీరలు తానే అమ్ముకోవచ్చని అతని ఆశ. అది చేతికొచ్చాక మొదటిసారి ఒక మనిషి నేరుగా అతన్నే చీర అడిగింది. ఆమె హిందూపురం సరోజమ్మ. కూతురు మంజులత ముహూర్తానికి ఈ చీర నచ్చితే, పెళ్లయ్యాక బంధువులకు పెట్టడానికి ఇంకో ఏడు చీరలు ఇతని మగ్గం మీదే నేయిస్తానంది. నచ్చకపోతే మళ్లీ షావుకారు గుమ్మమే గతి. ఆయన అప్పటికే "ఫోను పట్టుకోని చీరలమ్ముతారంటనా? అమ్మనీలే, చూస్తాం" అని దీవించి ఉన్నాడు.

సరోజమ్మకు కావలసిన రంగు ఆమె తల్లి పెళ్లిచీరది. తల్లి పోయాక ఆ చీర పూజగదిలోనే ఉంటుంది, ఇల్లు దాటదు. అందుకని ఫోటో తీసి పంపింది. రంగు పేరేమిటని అడిగితే ఒప్పుకోలేదు.

"పేరు మాటొద్దప్పా. ఒక్కో ఊర్లో ఒక్కో పేరు. నేనొకటి చెప్తే మీరొకటి నేస్తారు. ఫోటోలో ఎట్లుంటే అట్ల నెయ్యండి."

ఫోటోలో కనకాంబరం రంగుంది. శివశంకర్ ఫోను పట్టుకుని, పట్టుకు రంగులద్దే దాసప్ప దగ్గరికి పోయాడు. పట్టుదారం లడిని తెర పక్కన పెట్టి చూసి, ముంచి, మళ్లీ పెట్టి చూసి, మూడు ముంచుల్లో అచ్చంగా ఆ రంగే తెప్పించాడు.

"ఏమప్పా, ఈ లడిని ఒక ఫోటో తీసి ఆయమ్మకు పంపరాదా? రంగు కుదిరిందో లేదో ఆమే చెప్తాది కదా" అన్నాడు దాసప్ప.

"మా కెమెరా అబద్ధాలు చెప్తాది దాసప్పా. గోడ మీద రాసిపెట్టుకున్న్యా. తెర మాత్రం అబద్ధం చెప్పదు."

ఒకే ఫోనులో వెనక వైపు అబద్ధాలకోరు, ముందు వైపు సత్యవంతుడు కాపురముంటారని కనిపెట్టాలంటే ఇరవై రెండు రోజులు పట్టడం న్యాయమే.

ఇప్పుడు ఆ పొద్దుటి సంగతి. మమత చీరను పాత పంచెలో చుట్టి సంచిలో పెడుతుండగా, కావ్య ఛార్జింగు తీగ పీకి ఫోనును ఒళ్లో వేసుకుంది. ఏం నొక్కిందో ఏమో, తెర ఒక్కసారిగా పాలు పోసినట్టు తెల్లబడింది.

"అమ్మా! ఫోను స్నానం చేసింది!"

మమత పరుగెత్తుకొచ్చి చూసి, చూసినచోటే కూర్చుండిపోయింది. ఫోను ఇంటికొచ్చిన మొదటి రోజే ఎవరికీ చెప్పకుండా ఆమె ఒక పని చేసింది. తెర వెలుతురుకు చిన్నపిల్లల కళ్లు పాడవుతాయని ఏదో వీడియోలో భయపెడితే, సెట్టింగుల్లో 'ఐ కంఫర్ట్' అనే మీట నొక్కింది. దాంతో తెర కొంచెం పసుపుబారింది. బిడ్డ కళ్ల దగ్గర పిసినారితనమెందుకని మీటను చివరికంటా జరిపింది. కొట్లో తెల్లగా ఉన్న తెర ఇంట్లో పసుపుగా ఉందేమని శివశంకర్ అడిగితే, "కొట్లో లైట్లు అట్ల పెడతారు, మోసం" అని చెప్పింది. తర్వాత ఇంటిల్లిపాదికీ అదే అలవాటైపోయింది.

సరోజమ్మ పంపిన ఫోటో తెరిచింది. లేత గులాబీ. మీట నొక్కింది. కనకాంబరం. మళ్లీ నొక్కింది. గులాబీ. ఎన్నిసార్లు నొక్కినా మారనిది సంచిలో ఉన్న చీర ఒక్కటే. పెళ్లికి ఇంక నాలుగు రోజులే ఉంది.

"ఈ పొద్దు పోవద్దు" అంది మమత.

"ఏమే? బస్సుకు టైమైతాంటే?" అన్నాడు శివశంకర్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"తల తిరుగుతాండాది. వాంతికొచ్చేట్టుండాది."

వంటింట్లోంచి గరిట కింద పడిన శబ్దమైంది. ఆ వెనకే ఆదిలక్ష్మమ్మ వచ్చింది. మొహం కెమెరాలో వచ్చిన ఫోటోలాగే వెలిగిపోతోంది.

"ఎన్నాళ్ల నుంచి మే?"

"ఇప్పుడే అత్తా. అది కాదు..."

"నాకు చెప్పొద్దు. ముగ్గురిని కన్న్యా. రేయ్, నాలుగు నిమ్మకాయలు తే. నేనూ వస్తాండా. ఇట్లాంటప్పుడు కోడల్ని ఒంటిగా బస్సెక్కిస్తారా యాడన్నా?"

'ఒంటిగా' అంటే మొగుడితో అని ఆమె అర్థం. పోవద్దని మొదలైన మాట పది నిమిషాల్లో నలుగురి ప్రయాణమైంది.

బస్సు కదలకముందే ఆదిలక్ష్మమ్మ కండక్టరును పిలిచి, "గుంతల్లో మెల్లగా పోనీమను నాయనా, మా కోడలికి రెండో నెల" అంది. అరగంట క్రితం పుట్టిన వార్తకు అప్పుడే రెండో నెల వచ్చేసింది. శివశంకర్ మమత వైపు వంగి, గొంతు తగ్గించాడు.

"నాకైనా ఒక మాట చెప్పొచ్చు గదా."

"చెప్పేదేం లేదు."

"సిగ్గు పడతాండావు."

పెనుకొండ చేరేసరికి మమత నిజంగానే నీరసపడింది. రెండు నిమ్మకాయలు ఆమెకు వాసన చూపించడంలోనే వట్టిపోయాయి. నీళ్లు తాగొస్తానని ఫోను తీసుకుని బస్టాండు చివరికి పోయింది. ముందే చెబితే మొహం మీద తిట్లు కొన్నైనా తగ్గుతాయని సరోజమ్మకు గొంతు రికార్డు చేసి పంపింది.

"అక్కా, పెద్ద పొరపాటయిపోయింది. తప్పంతా నాదే. ఆయనకింకా తెలీదు. ఆయన్ని ఏమీ అనొద్దు. వచ్చి నీ కాళ్లు పట్టుకుంటా."

తొందరలో చెప్పవలసినదంతా చెప్పింది, ఒక్క 'చీర' అన్న మాట తప్ప.

హిందూపురం బస్సులో కావ్య మారాం చేస్తే ఆదిలక్ష్మమ్మ ఫోను తీసి దాని చేతికిచ్చింది. అంతకుముందే తన చుట్టూ మూడు సీట్ల వాళ్లకు కోడలి శుభవార్త పంచిపెట్టి ఉంది. సరిగ్గా అప్పుడే సరోజమ్మ ఫోను చేసింది. కావ్య చక్కగా పచ్చ గుర్తు నొక్కి, దాని పక్కనే ఉన్న స్పీకరు గుర్తు కూడా నొక్కింది. వీధి చివరిదాకా వినిపించే స్పీకరుకు బస్సు ఒక లెక్కా?

"ఏం మమతా, ఏమి పొరపాటు? మొగునికి తెలీదంటావు, తప్పంతా నాదే అంటావు! నాకు కాళ్లు చేతులు ఆడల్యా!"

బస్సులో తలలన్నీ ఇటు తిరిగాయి. రెండో నెల సంగతి విన్న మూడు సీట్ల వాళ్లు లెక్కలు వేసుకుని శివశంకర్ వైపు జాలిగా చూశారు. కిటికీ పక్కన కూర్చున్న ముసలామె, కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఇంకా బాగా వినిపించడానికి ముందుకు వంగింది.

మమత ఫోను లాక్కుని, "అక్కా! చీర సంగతి! చీర! వచ్చి చెప్తా!" అని అరిచి పెట్టేసింది.

"చీరేనా?" అని ముసలామె నిరాశగా వెనక్కి వాలింది.

"చీరకేమైంది?" అన్నాడు శివశంకర్. నిమిషం ముందు ఊపిరి ఆగిన మనిషికి తిరిగి వచ్చిన ఊపిరి మళ్లీ ఆగింది.

ఇక దాచే వీల్లేదు. మమత మీట నొక్కి చూపించింది. కనకాంబరం, గులాబీ. గులాబీ, కనకాంబరం. "బిడ్డ కండ్లు పోతాయని భయపడితి" అంది ఏడుపు గొంతుతో. శివశంకర్ సంచిని, తెరను, భార్యను వరసగా చూశాడు. పన్నెండేళ్ల షావుకారు గుమ్మం కళ్ల ముందు కనిపించినట్టుంది, నోరు తెరిచాడు.

"రేయ్!" అంది ఆదిలక్ష్మమ్మ. "కడుపుతో ఉండేదాన్ని ఒక్క మాటంటే చూడు!"

శివశంకర్ నోరు మూశాడు. కడుపు లేదు గిడుపు లేదని చెప్పడానికి మమత నోరు తెరిచింది. భర్త మొహం చూసింది. ఆమె కూడా మూసుకుంది.

సరోజమ్మ ఇంటి వసారాలో పెళ్లివారు పంచాయితీకి కూర్చున్నట్టు కూర్చున్నారు. పెళ్లికూతురు మంజులత కళ్లు అప్పటికే ఎర్రబడ్డాయి. చీర కాలిపోయిందని ఒకరు, బస్సులో పోయిందని ఒకరు, మొగుడికి తెలియకుండా ఇంకెవరికో అమ్మేసిందని ఒకరు పందెం కట్టినంత నమ్మకంగా ఉన్నారు. అందుకని సంచిలోంచి చీర బయటికి రాగానే, ఉన్నందుకే సగంమంది సంతోషించారు.

సరోజమ్మ చీరను చేతిలోకి తీసుకుంది. మడత విప్పింది. వెలుతురులోకి పట్టుకుంది. లేచి లోపలికి పోయింది. మమత కాళ్లు పట్టుకోవడానికి సిద్ధంగా కొంగు బిగించుకుంది, కాళ్లేమో ఇంట్లోకి వెళ్లిపోయాయి. శివశంకర్ గోడకున్న గడియారం చూస్తూ, తిరుగు బస్సెన్నింటికో గుర్తు చేసుకుంటున్నాడు.

సరోజమ్మ పూజగదిలోంచి తల్లి పెళ్లిచీర తెచ్చి కొత్త చీర పక్కన పరిచింది. రెండూ కనకాంబరమే. ఏది పాతదో అంచు నలుగుడు చూసి చెప్పాలి తప్ప రంగు చూసి చెప్పలేరు.

"అమ్మా!" అని సరోజమ్మ కళ్లొత్తుకుంది, పోయిన తల్లి తిరిగొచ్చినట్టు. "ఇంతకు ముందు ఇద్దరు నేసినోళ్లు గులాబీ రంగు చీరలు తెచ్చి నా మొగాన పెట్టినారప్పా! ఫోటో చూసే నేసినామంటారు! కండ్లుండాయా వాళ్లకు? నువ్వొక్కనివే రంగు తెలిసినోనివి."

మమతకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. సరోజమ్మ ఫోను కనకాంబరాన్ని గులాబీ చేసి పంపింది, ఆమె ఆ ఫోటోను తిరిగి చూసుకోనేలేదు. తన ఫోను ఆ గులాబీని తిరిగి కనకాంబరం చేసి చూపింది. రెండు నడిమి రకం ఫోన్లు ఒకదాని అబద్ధాన్ని ఒకటి దిద్దుకుని, మధ్యలో ఉన్న మనుషులను నిపుణులను చేశాయి.

"మరి పొరపాటంటివి ఏమ్మా?" అంది సరోజమ్మ.

"అది... కుచ్చులు కట్టల్యాక్కా" అంది మమత.

"అంతేనా! దానికా కాళ్లు పట్టుకుంటానంటివి? ఎంత బుద్ధిమంతురాలప్పా నీ భార్య!"

శివశంకర్ అప్పటికే ఛాతీ విరుచుకున్నాడు. ఫోనును చొక్కా జేబులోకి గర్వంగా జార్చుకుని, "నేను మొదటే చెప్తినక్కా, తెర అబద్ధం చెప్పదని. పోయి గోడ మీద 'మంచి' కింద రాయల్ల" అన్నాడు. మమత ఆ ఫోనును మెల్లగా జేబులోంచి తీసి, మీట చివరికంటా ఉందో లేదో చూసి, మళ్లీ జేబులో పెట్టింది.

భోజనాలయ్యాక సరోజమ్మ మిగతా ఏడు చీరలూ ఖాయం చేసింది. "రంగులన్నీ ఫోటో తీసి పంపుతా. ఇప్పుడు పంపినట్టే."

"అట్లే అక్కా" అంది మమత. "ఒక్క మాట. నువ్వు నీ ఫోను మాత్రం మార్చొద్దు."

"ఏమ్మా?"

"చానా మంచి ఫోనక్కా అది."

"యాడ మంచిదమ్మా, నాలుగేండ్లయింది, ముసలిదైపోయె. కాబోయే అల్లుడు పెండ్లికి కొత్తది తెస్తాండాడు. ఏకంగా రెండొందల మెగాపిక్సెళ్లంట. దాంట్లో రంగులు ఉండేవి ఉన్నట్టు వస్తాయంట!"

ఈసారి మమతకు నిజంగానే కళ్లు తిరిగాయి. వాంతి వచ్చేట్టుందని గోడ పట్టుకుంది.

ఆదిలక్ష్మమ్మ తృప్తిగా సంచి విప్పింది. ఇంకా రెండు నిమ్మకాయలున్నాయి.