ఇంటికో డీజే ఉండాలి!

ఇంటికో ఫ్రిజ్ ఉంది, ఇంటికో టీవీ ఉంది. ఇంటికో డీజే ఎందుకు లేదు? ప్రభుత్వాలకు పట్టదు, మేధావులకు తోచదు. అందుకే ఎనిమిదో తరగతి సగం దాకా, ఆ సగం కూడా బెంచీ మీద నిలబడి చదివిన మీ బాబాయి కలం పట్టాల్సి వచ్చింది!

డీజే అనగానే చెవులు మూసుకోకండి. కిటికీ అద్దాలు పగలగొట్టే రకం కాదు నేను చెప్పేది. బ్లూస్ డాన్సులకు పాటలు వేసే డీజే.

బ్లూస్ అంటే ఏమిటంటారా? పాడేవాడి కొంప మునిగి ఉంటుంది. పెళ్ళాం వెళ్ళిపోయి, ఉద్యోగం ఊడి, పెంచిన కుక్క కూడా పక్కింటి తిండికి అలవాటుపడితే, వాడు గిటార్ పట్టుకుని మూలుగుతుంటాడు. ఆ మూలుగుకి మనం జంటలుగా చేతులు పట్టుకుని, కళ్ళు అరమూసుకుని, నెమ్మదిగా ఊగుతూ నడవాలి. ఎవరి కొంపో మునిగితే మనకింత హాయిగా ఉంటుందని నాకీ వయసులో తెలిసింది!

ఇంతకీ మా ఇంటి డీజే ఎవరో చెప్పలేదు కదూ? మీ పిన్నే. సాక్షాత్తూ నా ఇల్లాలు.

ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో చేసింది. చెవికి హెడ్‌ఫోన్, ఎవరికో ఎవరినో కలపడం. రిటైరయ్యాక, నా మోకాలికి కదలిక కావాలని డాక్టరు అన్నాడని, మా మేనకోడలు మా ఇద్దర్నీ టైర్ల షాపు మీది హాలుకి లాక్కెళ్ళింది. అక్కడ ఆదివారం సాయంత్రాలు ఈ డాన్సు. కొన్ని వారాలు బ్రహ్మాండంగా గడిచాయి. బీపీ చూడ్డానికి కాకుండా మీ పిన్ని నా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో!

అంతలో ఓ ఆదివారం అక్కడి డీజేకి జ్వరం.

"కాసేపు నువ్వు చూసుకో అత్తయ్యా" అంది మేనకోడలు.

మీ పిన్ని ఆ కుర్చీలో కూర్చుంది. అంతే! ఆ డీజేకి జ్వరం తగ్గింది, పెళ్ళయింది, కొడుకు పుట్టాడు. మీ పిన్ని ఇంకా లేవలేదు.

ఆవిడతో మళ్ళీ ఒక్క పాటకి ఆడాలని నా కోరిక. సరే, అది అలా ఉంచండి. మనం లాభాల గురించి కదా మాట్లాడుకుంటున్నాం!

ఇంట్లో డీజే ఉంటే ఎంత శాంతి! నేను "కూరలో ఉప్పెక్కువైందే" అంటాను. హెడ్‌ఫోన్‌లో ఉన్న మీ పిన్ని 'ఆగండి' అన్నట్టు వేలెత్తుతుంది. ఆ పాటయ్యాక "ఏమిటన్నారు?" అంటుంది. అప్పటికి నా కంచం ఖాళీ. ఇక గొడవెక్కడిది? ఈ ఒక్క వేలితో ఎన్ని కాపురాలు నిలబెట్టొచ్చు!

పైగా ఇంటికొక లయ వస్తుంది. మా వాషింగ్ మెషీన్ తాళం తప్పుతోందని మీ పిన్ని మెకానిక్‌ని పిలిపించింది. "బట్టలు బాగానే ఉతుకుతోందిగా అమ్మా" అని అతను నెత్తి గోక్కున్నాడు. నా గురకని మాత్రం మెచ్చుకుంది. "బేస్ బాగుందండీ, మధ్యలో ఆ ఈలే అనవసరం" అంది. మీలో ఎవరి భార్యయినా గురకని ఇంత శ్రద్ధగా విందా?

ఇక రిక్వెస్టులు! హాల్లో ప్రతివాడూ వచ్చి "నా పాట వెయ్యండి" అంటాడు. మీ పిన్ని అందరికీ ఒకటే మాట చెబుతుంది: "చూస్తాను." వెయ్యదు. అయినా వాళ్ళు వేసినంత సంతోషంగా వెళ్తారు. ఈ విద్య తెలియకే కదా ఎంతోమంది మంత్రులు ఓడిపోయింది!

నిజం చెప్పొద్దూ, పనిమంతురాలే. లిస్టు చూసి వెయ్యదు, కాళ్ళు చూసి వేస్తుంది. పళ్ళ డాక్టరూ వాళ్ళావిడా మొహాలు మాడ్చుకుని వస్తారా, ఎలాంటి పాట వేస్తుందో ఏమో, అది అయ్యేసరికి ఆవిడ తల ఆయన భుజం మీద! గోడకి అంటుకుపోయి నిలబడే బస్సు డ్రైవరు ఉన్నాడు. అతని బూటు కొస కదిలేదాకా వెతికి వెతికి పాటలు మార్చింది. ఇప్పుడతన్ని ఆపడానికి బ్రేకులు లేవు.

హాల్లోని కాళ్ళన్నీ ఆవిడకి కనిపిస్తాయి. ఆవిడ టేబుల్ ముందే నిలబడ్డ నావి తప్ప.

అందుకే మీ బాబాయి బుర్రకి పదును పెట్టాడు. ప్రతి డీజే దగ్గరా ఒక పొడుగు పాట ఉంటుంది. అందులో సాక్సోఫోన్‌వాడు రాగం పట్టుకుని వీధిలోకి వెళ్ళి, ఇల్లు మర్చిపోయి, ఎప్పటికో తిరిగొస్తాడు. ఆడేవాళ్ళకి కాళ్ళు లాగుతాయి. మరెందుకా పాట? డీజే బాత్‌రూమ్‌కి వెళ్ళి రావడానికి!

అర్థమైందా? ఆవిడ కుర్చీలోంచి లేచేది ఆ పాటకొక్కదానికే.

పోయిన ఆదివారం మొదలెట్టాను. గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చాను. కాసేపటికి నిమ్మరసం. ఆ తర్వాత "గొంతు ఎండిపోతుందేమే" అని మళ్ళీ నీళ్ళు.

"ఏమిటండీ ఇవాళ ఇంత ప్రేమ?" అంది.

"నీ సేవకి మించిందేముందే!" అన్నాను.

పాచిక పారింది! పొడుగు పాట పడింది. మీ పిన్ని లేచింది. నేను అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, నవ్వు మొహం పెట్టుకుని, చేయి చాచాను.

నన్ను దాటుకుని తుపానులా బాత్‌రూమ్‌కి పోయింది!

పోవాలి కదా మరి. అన్ని నీళ్ళు పట్టించినవాడికి ఆ మాత్రం తట్టలేదు చూడండి! పైగా అక్కడ క్యూ. తిరిగొచ్చేసరికి సాక్సోఫోన్‌వాడు కూడా ఇల్లు చేరాడు.

నేను మళ్ళీ గ్లాసు నింపాను. ఆవిడ హెడ్‌ఫోన్ మెడకి దించింది.

"ఇంకెన్ని గ్లాసులండీ? నోరు తెరిచి అడగొచ్చుగా?"

"అడిగితే 'చూస్తాను' అంటావని భయం."

"చూస్తాను" అంది.

నా మొహం చూసి ఫక్కున నవ్వింది. మళ్ళీ ఆ పొడుగు పాటే వేసి టేబుల్ దాటి వచ్చింది. హాలంతా "అబ్బా, మళ్ళీనా!" అని మూలిగింది. మూలగనీ! మీ పిన్ని చెయ్యి నా చేతిలో ఉంది. మెడలో హెడ్‌ఫోన్ నా గడ్డానికి చల్లగా తగులుతోంది. నా మోకాలు నొప్పి అనే మాటే మర్చిపోయింది. కళ్ళు మూసుకున్నాను.

"ఏమండీ" అంది చెవిలో.

"ఊఁ" అన్నాను, కరిగిపోతూ.

"పళ్ళ డాక్టరుగారి భుజాలు చూడండి, దిగిపోతున్నాయి. జనం చచ్చిపోతున్నారు. పాట మార్చాలి."

కళ్ళు తెరిచేసరికి ఆవిడ టేబుల్ దగ్గరుంది. నేను గాలిని కౌగిలించుకుని నడుస్తున్నాను. బస్సు డ్రైవరు అది కొత్త స్టెప్పనుకుని నేర్చుకుంటున్నాడు!

కాబట్టి పాఠకులారా, చివరిసారి చెబుతున్నాను. ఇంటికో డీజే ఉండి తీరాలి! మీ ఆవిడకి ఒక హెడ్‌ఫోన్ కొనివ్వండి. మీ ఆయన చేత పాటలు వేయించండి. ఖాళీగా ఉన్న మీ బావమరిదినైనా సరే, చేయి పట్టుకుని టైర్ల షాపు మీది హాలుకి తీసుకురండి. ఎందుకింత పట్టుదల అంటారా? మీ ఇంటివాళ్ళు ఆ కుర్చీలో కూర్చుంటే, మా ఇంటావిడ లేస్తుంది.

వచ్చేవాళ్ళు ఒక పొడుగు పాట తెచ్చుకోండి. మంచినీళ్ళు మాత్రం నేనివ్వను.