కాపర్ కెటిల్‌కి దిష్టి తగిలిన సోమవారం

ఆ సోమవారం పొద్దున్న ఫింటన్ హాల్పిన్ పెద్ద పథకాలేమీ వేసుకోలేదు. ఎనిమిదింటికి రేడియోలో శని, ఆదివారాల గుర్రప్పందేల ముచ్చట్లు చెప్పేయాలి, రాబోయే కంచెలు దూకే పందేల సీజన్ గురించి నాలుగు మాటలు అనాలి, తర్వాత డింప్నా కిన్సెల్లా వంటింట్లో టీ కప్పు ముందు కూర్చోవాలి. ఏళ్ళ తరబడి అతని సోమవారాలు ఇలాగే గడుస్తున్నాయి. మిగతా రోజుల్ని అతను ఈ టీ కోసమే ఎలాగోలా నెట్టుకొస్తాడని బాలీక్లోవన్ ఊరంతటికీ తెలుసు. తెలియనివాళ్ళు ఇద్దరే. ఒకరు డింప్నా, రెండోవాడు ఫింటన్.

డింప్నా సంగతి చెప్పాలంటే ముందు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. మొగుడు పోయాక గుర్రాల సాల అమ్మేస్తుందని టిపరేరీ జిల్లా అంతా అనుకుంది. ఆవిడ గంబూట్లు తొడుక్కుని మర్నాడు పొద్దున్నే పనిలోకి దిగింది. కాళ్ళు వంకరని ఒకరు, పిరికిదని ఇంకొకరు వదిలించుకున్న గుర్రాల్ని తెచ్చి, ఓపిగ్గా తిప్పి, మాట్లాడి, తిట్టి, వాటి చేత కంచెలు దూకిస్తుంది. అలా వచ్చినవాడే కాపర్ కెటిల్. సంతలో ఎవరూ కన్నెత్తి చూడని ఆ ఎర్రగుర్రం నిన్న ఆదివారం చిన్న కంచెల పందెంలో అందర్నీ వెనక్కి నెట్టి గెలిచింది. వచ్చే శనివారం పెద్ద కంచెల మీద దాని మొదటి పరుగు.

ఇంత మంచి సోమవారానికి అడ్డం పడింది ఓర్లా. రేడియో కేంద్రానికి డబ్లిన్ నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు. చిన్నపిల్ల, మంచి పిల్లే.

"ఫింటన్ గారూ, ఏమీ అనుకోకండి. మీరు ఏ గుర్రం పేరెత్తినా చివర 'దేవుడు చల్లగా చూడాలి' అంటారు. పోయిన వారం లెక్కపెడదామని కూర్చుని, విసుగొచ్చి మానేశాను. ఇది ఆటల కార్యక్రమం అండీ, చర్చి కాదు."

"అది కాదమ్మా, గుర్రాన్ని పొగిడి ఆ మాట అనకపోతే..."

"అనకపోతే?"

అద్దాల గదిలో, మెరిసే మైకు ముందు, చదువుకున్న పిల్లకి ఏమని చెబుతాడు? "ఏం లేదులేమ్మా, మానేస్తాను" అన్నాడు ఫింటన్.

అనకపోతే ఏమవుతుందో ఆ చుట్టుపక్కల పాలు తాగే పిల్లల్ని అడిగినా చెబుతారు. దిష్టి తగులుతుంది. ఒట్టి మెచ్చుకోలు ఏ జంతువుకీ మంచిది కాదు, చివర దేవుడి మాట పడాల్సిందే. మర్చిపోయి పొగిడితే, ఆ పొగిడినవాడే స్వయంగా వచ్చి, ఆ మాట అని, జంతువు ముందు తుపుక్కున ఉమ్మాలి. వేరేవాళ్ళు ఎన్ని పూజలు చేసినా పనికిరాదు.

ఫింటన్ మైకు ముందు కూర్చున్నాడు. పొగడకుండా ఉండటం అతని చేత కాదు. "ఆదివారం కాపర్ కెటిల్ చివరి కంచె దగ్గరికి వచ్చిన తీరు మీరంతా చూశారు. ముందొక గుర్రం తడబడింది. వీడు బెదరలేదు. రెండడుగులు కుదించుకున్నాడు, లేచాడు. కాసేపు వాడు మళ్ళీ నేల మీదకి రాడేమో అనిపించింది. నేను ఇన్నేళ్ళలో ఇంత ముచ్చటగా దూకడం చూడలేదు. పెద్ద కంచెల కోసమే పుట్టిన గుర్రం అది." ఇక్కడ ఆగాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగాడు. పొలమారి దగ్గాడు. ఆ దగ్గు జిల్లా అంతా వినిపించింది. ఇంకో ఏడు గుర్రాల్ని కూడా అలాగే పొగిడాడు, అలాగే దగ్గాడు.

కారు తలుపు తీస్తుండగా ఫోన్ మోగింది. డింప్నా సాలలో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న మాసీ ముసలాయన.

"ఏమయ్యా ఫింటనూ, నీకు మేమేం ద్రోహం చేశాం?"

"ఏమైంది?"

"ఏమైందా? నువ్వు రేడియోలో ఆ దగ్గు దగ్గావు, ఇక్కడ కాపర్ కెటిల్ దాణా ముట్టలేదు. తొట్టి వంక చూసి, మొహం తిప్పుకుని, గోడకేసి నిలబడ్డాడు."

"డింప్నా ఏమంది?"

"అమ్మగారు ఏమీ అనలేదు. నా భయమంతా అదే."

ఫింటన్ వెళ్ళేసరికి డింప్నా గేటు దగ్గరే నిలబడి ఉంది. "శనివారం పందెం కోసం రెండేళ్ళు వాడి వెనకాల తిరిగాను, ఫింటన్. గురువారానికల్లా వాడి పేరు ఖాయం చేయాలి. తిండి మానేసిన గుర్రాన్ని పెద్ద కంచెల మీదకి పంపను. వాడు పరిగెత్తలేదో, ఈ గేటు నీకు మూసుకున్నట్టే. టీ లేదు, ఏమీ లేదు."

"డింప్నా, నువ్వు కూడా దిష్టి నమ్ముతావా?"

"ఛ, నేనెందుకు నమ్ముతాను? ముందు వెళ్ళి ఉమ్మి రా."

ఫింటన్ గుర్రం ముందు నిలబడి టోపీ తీశాడు. "దేవుడు నిన్ను చల్లగా చూడాలిరా నాయనా" అని ఉమ్మాడు. గుర్రం అతన్ని ఎగాదిగా చూసి పిరుదులు అతని వైపుకి తిప్పింది.

"గట్టిగా అను," అన్నాడు మాసీ. "రేడియోలో ఊరంతటికీ వినపడేలా పొగిడావు. దీవెన మాత్రం చెవిలో చెబుతావా?"

గట్టిగా అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని అన్నాడు. గుర్రం కదల్లేదు. ఈలోగా మిగతా ఏడు గుర్రాలవాళ్ళూ ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఒక గుర్రం తుమ్మిందట. ఒకదాని నాడా ఊడిందట. ఒకాయన గుర్రానికి ఏమీ కాలేదు గానీ, ఆయనే మెట్ల మీద జారిపడ్డాడట.

"నేను మీ గుర్రాన్ని పొగిడాను గానీ మిమ్మల్ని కాదు కదా!" అన్నాడు ఫింటన్.

"తర్ఫీదు బాగుందన్నావు. తర్ఫీదు గుర్రం ఇచ్చుకుందా, నేనిచ్చానా?"

అతను ఎక్కడున్నాడో తెలిసింది కాబట్టి వాళ్ళు ఆగలేదు. గుర్రాల్ని బళ్ళకెక్కించి డింప్నా ఇంటికే తోలుకొచ్చారు. సన్నటి దారిలో బళ్ళు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్నాయి. అవి చూసి, ఇవాళ ఇక్కడ దిష్టి తీస్తున్నారని తక్కినవాళ్ళు కూడా వచ్చారు. పక్క ఊరి రైతు ఒకతను, పోయిన వేసవిలో ఫింటన్ "బాగుందే" అన్నాడని ఆవుని తెచ్చాడు. ఒకావిడ ఏడుపు మానని పసిపిల్లని తెచ్చింది. ఫింటన్ వరసగా దీవించాడు, వరసగా ఉమ్మాడు. నోరెండిపోతే ఎవరో నీళ్ళు అందించారు. క్యూ చివర్లో ఒక పెద్దమనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా గుర్రం రెండేళ్ళుగా ఓడిపోతూనే ఉంది, ఫింటన్."

"మీ గుర్రాన్ని నేను ఎప్పుడూ పొగడలేదండీ."

"నేనూ అదే అడుగుతున్నాను. ఎందుకు పొగడలేదు?"

తుమ్మిన గుర్రం తుమ్మడం మానింది. పసిపిల్ల నిద్రపోయింది. ఆవు ఎలా వచ్చిందో అలాగే ఉంది. కాపర్ కెటిల్ ఒక్కడే మొండికేశాడు. డింప్నా గుర్రం గది తలుపుకి ఆనుకుని వాణ్ణే చూస్తోంది. ఆవిడ మొహం చూసి ఫింటన్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

ఆ సమయంలో ఓర్లా వచ్చింది. రేడియో కేంద్రంలో ఫోన్లు ఆగకుండా మోగుతుంటే, సంగతేమిటో చూద్దామని బయల్దేరిందట. జనాన్ని తప్పించుకుంటూ కాపర్ కెటిల్ గది ముందుకొచ్చి ఆగిపోయింది. పందెపు గుర్రాన్ని ఇంత దగ్గరగా చూడటం ఆ పిల్లకి అదే మొదటిసారి. వాడు పెద్ద తల తిప్పి ఆమె మొహం మీదకి వెచ్చగా ఊపిరి వదిలాడు.

"అబ్బ! ఎంత అందగాడో!" అంది ఓర్లా, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే.

అందరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు.

"ఏమైంది? ఏమన్నాను?"

"మిగతాది కూడా అనేయండమ్మా," అన్నాడు మాసీ మెల్లగా. "మీకు పుణ్యం ఉంటుంది."

ఓర్లా చుట్టూ చూసింది. ఫింటన్ వంక చూసింది. "దేవుడు... చల్లగా చూడాలి," అంది.

"ఇప్పుడు ఉమ్మండి."

"ఎక్కడ?"

ఆమెకి చోటు చూపిస్తుండగా పశువుల డాక్టరు కోల్మ్ వచ్చాడు. గుర్రానికి జ్వరం చూశాడు, కాళ్ళు తడిమాడు, పొట్టకి గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. తర్వాత దాని నోటి దగ్గర ముక్కుపెట్టి వాసన చూశాడు.

"వీడికి పిప్పరమెంట్లు ఎవరు పెట్టారు?"

జనంలోంచి చర్చి ఫాదరు గొంతు సవరించుకున్నాడు. "నిన్న సాయంత్రం అభినందించిపోదామని వచ్చాను. ఒక పొట్లం."

"మరి ఆపిల్ ముక్కలు?"

"అబ్బే, నాలుగే," అన్నాడు మాసీ నేల చూస్తూ. "పొద్దున్న ఇంకో నాలుగు." పోస్టుమాను క్యారెట్లు ఒప్పుకున్నాడు. బేకరీ ఆవిడ బన్నులు ఒప్పుకుంది. గుర్రాలకి ఎవరూ ఏమీ పెట్టకూడదని డింప్నా పెట్టిన నియమం గేటు మీద అంతెత్తు అక్షరాల్లో రాసి ఉంది. అందరూ ఆ గేటు తీసుకునే లోపలికి వచ్చారు.

కోల్మ్ గుర్రం మూతి వెంట్రుకల్లోంచి ఒక తునక తీసి వెలుతురులో పట్టుకున్నాడు. "ఇది సోడా రొట్టె. ఇంట్లో చేసింది. వెన్న కూడా రాశారు."

అలాంటి రొట్టె ఆ ఊళ్ళో ఒక్క ఇంట్లోనే కాలుస్తారు. అన్ని తలలూ డింప్నా వైపు తిరిగాయి. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"తెల్లారగట్ల మెలకువ వచ్చింది," అంది. "చివరి కంచె దగ్గర వాడు లేచిన తీరు కళ్ళ ముందు నుంచి పోతే కదా! ఒక్క ముక్క పెట్టొద్దామని వచ్చాను."

"ఒక్క ముక్కేనా?"

"ఒక్క ముక్క మిగిలింది."

కోల్మ్ సంచి సర్దుకున్నాడు. "వీడికి జబ్బూ లేదు, దిష్టీ లేదు. కడుపు పట్టనంత మెక్కాడు. మధ్యాహ్నం దాణా మానేసి మెల్లగా నడిపించండి. రాత్రికి వాడే అడుగుతాడు. శనివారం నిక్షేపంగా పరిగెడతాడు."

జనం కొంచెం నిరాశగానే ఇళ్ళకు బయల్దేరారు. ఓర్లా వెళ్తూ వెళ్తూ, వచ్చే వారం కార్యక్రమం నిడివి ఇంకో ఐదు నిమిషాలు పెంచుతానని, ఆ దేవుడి మాట ఎన్నిసార్లైనా అనొచ్చని ఫింటన్‌కి చెప్పింది.

సాల ఖాళీ అయ్యాక డింప్నా, ఫింటన్ ఎదురెదురుగా మిగిలారు. మాసీ చీపురు పట్టుకుని అక్కడే ఊడ్చినచోటే ఊడుస్తున్నాడు.

"గేటు గురించి అన్న మాట," అంది డింప్నా, "మర్చిపో. తప్పు నాది."

ఫింటన్ ఆవిడ వంక చూశాడు. గంబూట్లకి బురద, జుట్టులో గడ్డిపరక, మొహంలో పొద్దుటినుంచి పడ్డ బెంగ. ఎనిమిది గుర్రాల్ని రేడియోలో పొగిడిన నోటికి ఇప్పుడు మాట రావడం కష్టమైంది.

"డింప్నా, అందరూ వద్దన్నవాటిని తెచ్చి గాల్లోకి లేపుతావు. ఈ జిల్లాలో నీలాంటి మనిషి లేదు. గుర్రాల గురించి కాదు నేను చెప్పేది. నువ్వు ఈ వాకిట్లోకి వస్తే నాకు ఊపిరి ఆడదు."

చీపురు ఆగింది. డింప్నా ఎదురు చూసింది. ఫింటన్ టోపీ పెట్టుకున్నాడు.

"ఆగు," అంది డింప్నా. "మిగతా మాట?"

"అనను."

"అనకపోతే నాకు దిష్టి తగలదూ?"

"తగిలితే పొగిడినవాడే రావాలి కదా," అని, మెడ దాకా ఎర్రబడి, ఫింటన్ వెనక్కి చూడకుండా కారెక్కేశాడు.

మర్నాడు తెల్లవారగానే మాసీ ఫోన్ చేశాడు. కాపర్ కెటిల్ తొట్టి నాకి మరీ తినేశాడట. అమ్మగారు మాత్రం ఇద్దరికి సరిపడా గుడ్లు వేయించి ముందు పెట్టుకుని, ఏమీ ముట్టకుండా కూర్చుందట.