కొత్త గడియారానికి పాత గీత

గడియార ప్రియులందరికీ తెలియజేయడమేమనగా, జోర్నో గడియారాల సంస్థ అరవై నాలుగేళ్ల పాత గడియారాన్ని కిందటి వసంతంలో సరికొత్తగా తయారు చేసింది. దాని పేరు పాతాళం-61. నీటిలో వెయ్యి మీటర్ల లోతుకు దిగినా లోపలికి చుక్క తడి పోనివ్వదు. దీన్ని తయారు చేసే ఊరు జూరా కొండల మీద, సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. ఊళ్లో నది లేదు, చెరువు లేదు, ఉన్న నీళ్లు కూడా ఆర్నెల్లపాటు మంచుగానే పడుంటాయి. సముద్రం గురించి ఎలాంటి పక్షపాతమూ లేకుండా ఆలోచించగలిగేది ఇలాంటి ఊరివాళ్లేనని సంస్థవారి నమ్మకం.

మొదట అనుకున్న ధర ఇరవై రెండు వేల ఫ్రాంకులు. కొన్నవారిలో ఎక్కువమంది స్నానానికి వెళ్లేటప్పుడు దాన్ని జాగ్రత్తగా తీసి బల్ల మీద పెడతారు. లోపలి యంత్రం ఈ ఏటిది, అయస్కాంతానికి లొంగదు, నెలకు రెండు సెకన్లకు మించి తప్పదు. పైకి మాత్రం తాతగారు పోయాక బీరువాలో దొరికినట్టు ఉంటుంది. మీ తాతగారికి అలాంటిది కొనే స్తోమత లేకపోయి ఉండవచ్చు. ఆ లోటు తీర్చడానికే జోర్నో సంస్థ పుట్టింది.

సంస్థ భవనంలో పనుల విభజన చాలా శాస్త్రీయంగా ఉంటుంది. రెండో అంతస్తు మరమ్మతు విభాగం, అక్కడ పాత గడియారాలను కొత్తవి చేస్తారు. మూడో అంతస్తు వారసత్వ విభాగం, అక్కడ కొత్త గడియారాలను పాతవి చేస్తారు. రెండింటికీ ఒకటే లిఫ్టు. నాలుగో అంతస్తులో మార్లీజ్ కూర్చుంటుంది.

మార్లీజ్ తుది తనిఖీ అధికారి. ముప్ఫై ఒక్కేళ్లుగా కంటికి భూతద్దం తగిలించుకుని గీతలు వెతకడమే ఆమె పని. వెంట్రుకలో సగం గీత కనిపించినా ఎర్ర చీటీ అంటించి వెనక్కి పంపేది. ఆమె అంటించిన చీటీని తీయించడం అధ్యక్షుడి తరం కూడా కాదు. నియమావళి అంటే ఆమెకు గురి. ఆదివారం చర్చికి వెళ్లినా ప్రసంగంలో తేదీలు సరిపోయాయో లేదో చూసుకునే మనిషి.

పాతాళం-61 తలపెట్టినప్పుడు సంస్థకు ఒక చిన్న ఇబ్బంది ఎదురైంది. 1961 నాటి గడియారం సంస్థ దగ్గర ఒక్కటి కూడా లేదు. బ్యాటరీ గడియారాల దెబ్బకు దివాలా అంచుకు వెళ్లిన రోజుల్లో, అంటే 1978లో, పాత సరుకూ పాత నమూనాలూ అన్నీ కిలోల లెక్కన తుక్కువాడికి అమ్మేశారు. నమూనాల చిత్రాలను ఆ చలికాలం పొయ్యిలో వాడారు. అందుకే ఇప్పుడు ఆరుగురు ఉద్యోగులతో వారసత్వ విభాగం అవసరమైంది. దాని అధిపతి సిరిల్ అనే యువకుడు వాకబు చేయగా, ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క గడియారం నాలుగో అంతస్తులోని మార్లీజ్ తండ్రి చేతికి ఉందని తేలింది.

ఆయన పేరు నూమా. ఎనభై ఏడేళ్లు. వయసులో ఉన్నప్పుడు కింద నౌషతెల్ సరస్సులో మునిగి తాగునీటి గొట్టాలు బాగుచేసేవాడు. పరీక్షించి చెప్పమని అప్పట్లో సంస్థవారు ఆయనకొకటి, ఆయన జోడీ ఫెర్నాన్‌కు ఒకటి గడియారాలు ఇచ్చారు. సిరిల్ ఒక తెల్ల వైన్ సీసా, మూడు పేజీల ఒప్పంద పత్రం పట్టుకుని, మార్లీజ్‌తోపాటు వచ్చి నూమా వంటింట్లో కూర్చున్నాడు.

"పాతవన్నీ తూకానికి అమ్ముకున్నారుగా బాబూ, ఇప్పుడు నా గుమ్మం తొక్కారేం?" అన్నాడు నూమా.

"అది పాత యాజమాన్యమండీ. మాకు సంబంధం లేదు."

"ఓహో. తప్పులు వాళ్లవీ, వారసత్వం మీదీనా? బాగుంది, బాగుంది. ఆ సీసా తెరువు ముందు."

సిరిల్ సీసా తెరిచాడు, తర్వాత గడియారం మీద వేలు పెట్టాడు. గాజు మీద రెండు అంకె దగ్గర మొదలై, అడ్డంగా కోసుకుంటూ పక్కనున్న ఉక్కు మీదికి దిగిన లోతైన గీత ఒకటుంది. "అద్భుతం! ఎంత నిజమైన గీత!" అన్నాడు.

నూమా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ గీత సంగతి ఆయన కూతురికే రెండుసార్లకు మించి చెప్పలేదు. అరవై ఆరు నవంబరులో, గొట్టం మూతి దగ్గర ఇనుప జల్లెడలో ఫెర్నాన్ కాలు ఇరుక్కుంది. నూమా చెయ్యి అందించాడు. ఫెర్నాన్ నూమా మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. అతని చేతి తొడుగుకున్న ఇనుప కొక్కెం గడియారం మీద దిగబడింది. కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత ఆ పట్టు గాజు మీదుగా గీసుకుంటూ జారిపోయింది.

"తీసుకెళ్లండి, చూసుకోండి, బొమ్మలు గీసుకోండి. ఈ గీత జోలికి మాత్రం పోవద్దు. తుడవద్దు కూడా," అన్నాడు నూమా.

"నాది పూచీ నాన్నా. నా చేతుల మీదుగా వెళ్లిందేదీ ఇంతవరకు తప్పిపోలేదు," అంది మార్లీజ్. ఒప్పందం మూడు పేజీలూ చదివి, "సంస్థ ప్రమాణాలకు తగిన స్థితిలో తిరిగి అప్పగించబడును" అనే వాక్యం దగ్గర తృప్తిగా తల ఊపి, తండ్రి చేత సంతకం పెట్టించింది. సంస్థ ప్రమాణాలంటే ఏమిటో ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు ఆ ఊళ్లో లేరు. ఆ తెలిసినదాని గురించి ఆ క్షణాన ఆమె ఆలోచించలేదు.

గడియారానికి ఆధార నమూనా అనే హోదా లభించింది. మూడో అంతస్తులో పనులు చురుగ్గా సాగాయి. కాలానికి పసుపెక్కిన అంకెల రంగును నిర్ణయించడానికి పదకొండు మందితో సంఘం వేశారు. నలభై మూడు పసుపులను పరిశీలించి, ఒక సాయంత్రం జున్ను కరిగించే ఫాండ్యూ గిన్నె చుట్టూ కూర్చుని, చివరికి జున్నుముక్క అంచు రంగును ఏకగ్రీవంగా ఆమోదించారు.

గీత దగ్గర మాత్రం శాస్త్రం ఇరకాటంలో పడింది. కొత్త గడియారానికి వాడేది నీలమణి గాజు. దాని గొప్పతనమే గీతలు పడకపోవడం. దాని మీద గీత పడేయడానికి ముగ్గురు ఇంజనీర్లు నాలుగు నెలలు శ్రమించి, ఒక ప్రత్యేక లేజర్ యంత్రం తెప్పించారు. మొదటి గీత మరీ గీతలా ఉందని తిప్పి పంపారు. మూడోది అజాగ్రత్త వల్ల పడినట్టుందన్నారు. ఎనిమిదో గీతలో తగినంత విషాదం ఉందని సిరిల్ ధ్రువీకరించాడు. ఆ విషాదం లోతు మిల్లీమీటరులో వందో వంతుకు అటూ ఇటూ పోకుండా నాలుగు వందల గడియారాల మీద దించారు.

ప్రచార విభాగంవారు కథను కూడా కొంచెం సానపట్టారు. సరస్సు మరీ చల్లగా ఉంది, తాగునీటి గొట్టాలు విలాసానికి నప్పవు, చచ్చిపోయినవాడితో అమ్మకాలు పెరగవు. కాబట్టి సరస్సు వెచ్చని సముద్రమైంది, కొక్కెం సొరచేప పన్నయింది. ఫెర్నాన్ అసలు పుట్టనే లేదు.

తుది తనిఖీ రోజు వచ్చింది. నాలుగు వందల గడియారాలు వరుసగా పేర్చారు. నియమావళి ప్రకారం ప్రతిదాన్నీ ఆధార నమూనా పక్కన పెట్టి చూడాలి. మార్లీజ్ నమూనా తెమ్మంది. పట్టుగుడ్డ పరిచిన పెట్టెలో తెచ్చి ముందు పెట్టారు.

పెట్టెలో గడియారం ధగధగ మెరిసిపోతోంది. ఉక్కు అద్దంలా ఉంది. గాజు కొత్తది. గీత లేదు.

జరిగింది చాలా మామూలు విషయం. మూడో అంతస్తులో పని అయిపోయాక ఎవరో దాన్ని లిఫ్టులో కిందికి పంపారు. జోర్నో గుర్తుతో భవనంలోకి వచ్చిన ఏ పాత గడియారమైనా కొత్తదానిలా అయ్యేవరకూ బయటికి పోకూడదని రెండో అంతస్తు నియమం. అక్కడివాళ్లు నిజాయితీగా మూడు రోజులు పనిచేశారు. పైగా ఉద్యోగి తండ్రిది కదా అని ఉచితంగా చేశారు. గీతలు పడే నాసిరకం పాత గాజును తీసి చెత్తలో పారేసి నీలమణి గాజు వేశారు. పాత అంకెల పళ్లేనికి పూసినది రేడియం కావడంతో, చట్టప్రకారం దాన్ని సీసపు డబ్బాలో పెట్టి, ముద్ర వేసి, ప్రమాదకర వ్యర్థాల గిడ్డంగికి పంపారు. పెట్టెలో ఒక కార్డు కూడా పెట్టారు: "కాలం చేసిన నష్టాన్ని పూర్తిగా సరిదిద్దడమైనది."

మార్లీజ్ ఆ కార్డు రెండుసార్లు చదివింది. ఆమెకు అరవడం చేతకాదు, నియమావళి చేతనవును. భూతద్దం తగిలించుకుంది. మొదటి గడియారాన్ని నమూనా పక్కన పెట్టింది. నమూనాలో లేని గీత ఇందులో ఉంది. ఎర్ర చీటీ అంటించి, సంతకం చేసి, రెండోది తీసుకుంది. మర్నాడు మధ్యాహ్నానికి నాలుగు వందలూ ఎర్రబడ్డాయి.

సిరిల్ పరుగున వచ్చాడు. "మేడమ్, ఇదేం పని! ఆ గీత లోపం కాదండీ, ఆ గీతే సరుకు!"

"నమూనాలో చూపించు బాబూ, తీసేస్తాను," అంది మార్లీజ్.

ఆ సాయంత్రం గడియారాన్ని తండ్రికి ఇచ్చింది. ఆయన దాన్ని చూడలేదు. బొటనవేలితో గాజు మీద తడిమాడు. మళ్లీ తడిమాడు. తర్వాత లేచి సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసి, గాజు మీద పెట్టి బలంగా గీశాడు. స్క్రూడ్రైవర్ జారి ఎడమచేతి వేలు తెగింది. గాజు చెక్కుచెదరలేదు.

"గట్టి గాజే వేశారే మీవాళ్లు," అన్నాడు.

మార్లీజ్ వేలికి కట్టు కట్టింది. "గాజు మీద పడదు గానీ ఉక్కు మీద పడుతుంది నాన్నా. కొలతలన్నీ నా దగ్గరున్నాయి, వందో వంతు తేడా రాకుండా నేను గీస్తా."

"నువ్వు గీస్తే అది నీ గీతే తల్లీ. నేను గీస్తే నాది. నాకు వాడు గీసింది కావాలే."

పూచీ ఇచ్చింది ఆమే. ఆ రాత్రి అన్నాలు తినలేదు ఇద్దరూ.

సంస్థ మునిగిపోతుందని మీరనుకుంటే, జోర్నో సంస్థను తక్కువ అంచనా వేసినట్టే. ఆవిష్కరణ సభలో అధ్యక్షుడు లాంబెలె గారు చేసిన ప్రసంగం గురించి ఇప్పటికీ వ్యాపార కళాశాలల్లో చెప్పుకుంటున్నారు.

"మిత్రులారా! మా దగ్గర నాణ్యత ఎంత కఠినమంటే, మా సొంత తనిఖీ అధికారే ఈ నాలుగు వందల గడియారాలనూ తిరస్కరించారు! తప్పు లేని గడియారం ఎవరైనా ఇస్తారు. కానీ ముప్ఫై ఒక్కేళ్ల అనుభవం ఉన్న కన్ను తప్పుపట్టిన గడియారం ఎవరిస్తారు? లోకంలో ప్రతి సంస్థా తన తప్పులు దాచుకుంటుంది. మేం వాటికి వరస సంఖ్యలు వేస్తాం!"

చప్పట్లు మోగాయి. ధర ముప్ఫై ఒక్క వేలు చేశారు, ఆమె అనుభవానికి గౌరవసూచకంగా ఏడాదికి వెయ్యి చొప్పున. నాలుగు వందలూ పదకొండు నిమిషాల్లో అమ్ముడుపోయాయి. ప్రతిదానితోపాటు ఎర్ర చీటీని తోలుసంచిలో పెట్టి ఇచ్చారు. మార్లీజ్‌కు పూలగుత్తి ఇచ్చి, తిరస్కార విభాగం అనే కొత్త విభాగానికి అధిపతిని చేశారు. నాన్నగారి గడియారం మీద గీత మళ్లీ వేయించగలరా అని ఆమె అర్జీ పెట్టుకుంటే, లేజర్ యంత్రం సేవలు ఆ నాలుగు వందల మంది యజమానులకే పరిమితమని, అయినా ఆమె ఆసక్తికి ధన్యవాదాలని మర్యాదగా జవాబు వచ్చింది.

గురువారం సాయంత్రాలు నూమా కెఫేలో పేకాట ఆడతాడు. మార్లీజ్ ఆయన్ని ఇంటికి తీసుకెళ్లడానికి వస్తుంది. ఆ గురువారం ఆమె వచ్చేసరికి పక్క బల్ల దగ్గర ఊరికి కొత్తగా వచ్చిన పళ్ల డాక్టరు చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి కూర్చున్నాడు. మణికట్టుకు పాతాళం-61. రెండు అంకె దగ్గర మొదలై అడ్డంగా కోసుకుంటూ పక్క ఉక్కు మీదికి దిగిన గీత దీపం కింద స్పష్టంగా కనిపిస్తోంది.

"చూశారా? సొరచేప పన్ను. ఊరికే అనడం లేదు, ముప్ఫై ఏళ్లుగా పళ్లు చూస్తున్నవాణ్ని, ఇది పంటిగాటే," అంటున్నాడు డాక్టరు. జనం మెడలు చాచి చూస్తున్నారు. ఆయన తోలుసంచి విప్పి ఎర్ర చీటీ బయటికి తీశాడు. "ఇదిగో, సంతకం కూడా ఉంది. ఎవరో పెద్ద నిపుణురాలట."

మార్లీజ్ తలుపు దగ్గరే ఆగిపోయింది.

డాక్టరు చూపు నూమా చేతి మీద పడింది. "అరె, మీదీ జోర్నోనే! ఈమధ్య కొన్నారా పెద్దాయనా? తళతళలాడిపోతోందే."

నూమా పేకముక్కలు బోర్లా పెట్టాడు. బొటనవేలు గాజు మీదికి వెళ్లి ఆగింది. "ఆఁ. కొత్తదే," అన్నాడు.

"బాగుంది, బాగుంది. ఏమనుకోకండి గానీ, గడియారమన్నాక దానికో కథ ఉండాలండీ. కాసేపు నాది పెట్టుకుని చూడండి, తెలుస్తుంది."

డాక్టరు మంచివాడు. తన గడియారం తీసి ముసలాయన చేతికి తనే పెట్టాడు. నూమా కళ్లు మూసుకుని ఆ గీత మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా జరిపాడు. ఎక్కడా తేడా లేదు. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. అది చూసి అందరూ ముచ్చటపడ్డారు.

"చూశారా, నిజమైన వస్తువు మహిమ! తెలియనివాళ్లకు కూడా కళ్లల్లో నీళ్లొచ్చేస్తాయి," అన్నాడు డాక్టరు.

కెఫేలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. అక్కడుంటే మీరూ నేనూ కూడా కొట్టేవాళ్లమే. తర్వాత ఆయన చేతికున్న రెండు గడియారాల్లో డాక్టరుకు తనది ఏదో ఒక్క చూపులో తెలిసిపోయింది. పాతగా ఉన్నదాన్ని తీసుకుని వెళ్లిపోయాడు.