రివర్సు అక్కర్లేని దారి

రిటైరైన మగాడికి రెండు జబ్బులు వస్తాయి. ఒకటి మోకాళ్ళ నొప్పి, రెండోది ట్రక్కు వెనక లాక్కుపోయే ముప్ఫై అడుగుల ట్రైలరు ఇల్లు. నాకు రెండూ ఒకే నెలలో వచ్చాయి.

అమెరికా నడిమధ్య అయోవాలో మా ఇంటి నుంచి సముద్రం దాకా నలభై రెండు రోజుల యాత్ర. వంటింటి బల్ల మీద మ్యాపు పరిచి, రాత్రిళ్ళు ట్రైలరు నిలుపుకునే క్యాంపుగ్రౌండ్లన్నీ ఎర్ర పెన్సిలుతో గుర్తుపెట్టాను. నా భార్య వెర్నా కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది.

"న్యూ ఆర్లియన్స్ ఏదీ?"

"అక్కడ దోమలెక్కువ."

"నువ్వు పెట్టిన ఈ చిత్తడి చెరువు పక్కన ఏముంటాయి, చిలకలా?"

"సిటీలో ట్రైలరుకి చోటుండదే!"

"ఆ వీధుల్లో జాజ్ బాకాలు వినాలని ముప్ఫయ్యేళ్ళ నుంచి ఏడుస్తున్నాను డెల్మర్. మొదట ఉద్యోగమన్నావు, తర్వాత నడుంనొప్పన్నావు. ఇప్పుడు దోమలా?"

అసలు సంగతి మీకు చెబుతాను, ఎవరితోనూ అనకండి. నాకు ట్రైలరు వెనక్కి నడపడం రాదు. ఎడమకి తిప్పితే అది కుడికి పోతుంది. కుడికి తిప్పితే నా పరువు పోతుంది. క్యాంపుగ్రౌండులో కొత్తవాడెవడైనా రివర్సు చేస్తున్నాడంటే చాలు, చుట్టుపక్కలవాళ్ళంతా మడత కుర్చీలు, బీరు సీసాలు తెచ్చుకుని కూర్చుంటారు. అందుకే ఒక పక్క దూరి ఇంకో పక్క బయటపడే చోట్లే ఏరి ఏరి పెట్టాను. సిటీల్లో అలాంటివి నాకు దొరకలేదు.

వెర్నా మ్యాపు మడిచిపెట్టి గిన్నెలు తోముకుంది. ఆ మొహం చూశాక నాకు ముద్ద దిగలేదు. గురువారం మధ్యాహ్నం ఆమె చర్చి పాటల రిహార్సలుకి వెళ్ళగానే, తను వచ్చేలోగా నేర్చేసుకుందామని ట్రైలరు బయటికి తీశాను.

గంట తర్వాత, ట్రక్కు మా పచ్చికలో ఉంది. ట్రైలరు రోడ్డుకి అడ్డంగా ఉంది. ఉత్తరాల డబ్బా ట్రైలరు కింద ఉంది. పక్కింటి ఆర్విల్ గుమ్మడికాయలు అతని పాదుల్లో తప్ప అన్నిచోట్లా ఉన్నాయి. ఆర్విల్ అప్పటికే కుర్చీ వేసుకున్నాడు.

"ఇంకాస్త ఎడమకి తిప్పు," అన్నాడు.

"నీ గుమ్మడికాయలు ఇంకా మిగిలాయా?" అన్నాను.

అంతలో చర్చి వ్యాను వచ్చి, దారి లేక ఆగింది. తొమ్మిదిమంది పాటలవాళ్ళు దిగారు. వాళ్ళలోంచి వెర్నా నా కిటికీ దగ్గరికొచ్చింది.

"దిగు."

"అది కాదే, నేను..."

"దిగవయ్యా మహానుభావా!"

ఎక్కి అద్దం సర్దుకుంది. కాస్త ముందుకి, ఒక్క తిప్పు వెనక్కి. ట్రైలరు బుద్ధిగా వెళ్ళి షెడ్డు పక్కన నిలబడింది. పాటలవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆర్విల్ అయితే లేచి నిలబడి మరీ కొట్టాడు.

"ఇదెప్పుడు నేర్చుకున్నావు?"

"పదేళ్ళప్పుడు. మా నాన్న గడ్డి బండిని ట్రాక్టరుతో కొట్టంలోకి వెనక్కి పెట్టేది నేనే."

"మరి చెప్పలేదేం?"

"పెళ్ళయ్యాక స్టీరింగు ఎప్పుడైనా వదిలావా? నీ మ్యాపు చూడగానే తెలిసిపోయింది, రివర్సుకి జడిసి దేశమంతా చుట్టబోతున్నావని. మర్నాడే న్యూ ఆర్లియన్స్‌లో ఐదు రాత్రులకి చోటు తీసుకున్నాను. దారిలో మెంఫిస్‌లో రెండు."

సిగ్గుతో తల దించుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, గుండెల మీంచి బరువంతా దిగిపోయింది. ఆమె మొహంలో అంత వెలుగు చూసి ఎన్నేళ్ళయిందో!

ఇప్పుడు స్టీరింగు ఆమెది. వెనక నిలబడి ఇటు రా, అటు పో, ఆగు అని చేతులూపే ఉద్యోగం నాది. వారం నుంచి నేర్పుతోంది. 'ఆగు' మాత్రం బాగా చూపిస్తున్నానట. మిగతావి చూడకుండానే నడిపేస్తానంది.